అది మా పాపే

ఆ కేక ఎక్కడ వినిపించినా నాగులమ్మ గుర్తుపడుతుంది. సూళ్లూరుపేట చేపల మార్కెట్లో, పొద్దుటి బేరాల గోలలో, ఐసు పెట్టెలు ఈడ్చే చప్పుడులో కూడా గుర్తుపట్టింది. కత్తిపీట అంచుకు పండుగప్ప చేప మెడ ఆనించిన చేతులు అలాగే ఆగిపోయాయి.

ఎదురుగా ఇద్దరు కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. మెడలో కాలేజీ కార్డులు, ఒకడి వీపున పచ్చ బ్యాగు. చేప ముక్కలు కొట్టించుకు రమ్మని ఇంట్లోవాళ్లు తరిమినట్టున్నారు, చూపు మాత్రం ఫోన్లోనే ఉంది. ఆ ఫోన్లోంచే వచ్చింది కేక. దాని వెనకే ఏదో దరువు. మళ్లీ అదే కేక, మళ్లీ అదే దరువు. దరువు సంగతి నాగులమ్మ పట్టించుకోలేదు. ఫోన్లలో ఏడుపుకీ దరువే, నవ్వుకీ దరువే. ఆమెకు కేక చాలు.

"ఏదీ, ఇటు తిప్పు నాయనా," అంది.

పచ్చ బ్యాగువాడు ఇటు తిప్పాడు. కొలుపునాటి పందిరి, పంబలు వాయించేవాళ్ల ఎర్ర తలపాగాలు, పసుపు నీళ్లు కారుతున్న లంగా ఓణీ. విరబోసుకున్న జుట్టు మొహమంతా కప్పేసింది. జుట్టు గిర్రున తిరుగుతోంది తప్ప అందులో మనిషెవరో కన్నతల్లికి తప్ప ఎవరికీ తెలియదు.

నాగులమ్మ చేప వదిలేసింది. బూడిదా పొలుసూ అంటిన చేతులు అలాగే జోడించి ఫోనుకు దండం పెట్టింది. ఆమెది ముందే ఆగే నోరు కాదు, సంతోషం వచ్చినప్పుడు అసలే ఆగదు.

"అది మా పాపే నాయనా!"

కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మీ పాపా? పేరేంది ఆంటీ?"

"రోజారమణి. మాది కొత్తకుప్పం. మీ ఊళ్లోనే ఇంటర్ చదవతా ఉండాది, రెండో సంవత్సరం. మొన్న కొలుపులో గంగమ్మ తల్లి దాని మీదికే వచ్చింది. ఊళ్లో అంతమంది ఆడోళ్లుంటే మా బిడ్డ మీదికి వచ్చింది!"

"ఇంకోసారి దండం పెట్టు ఆంటీ," అన్నాడు పచ్చ బ్యాగువాడు, ఫోన్ పైకెత్తి.

ఈసారి కళ్లు కూడా మూసుకుని, నిండుగా పెట్టింది. ఈ కాలం పిల్లల్లో ఇంత భక్తి ఉందా అనుకుంది. పండుగప్ప ముక్కలు కొట్టి, మొప్పలు తీసి, కడిగి కవరులో వేసింది. అమ్మవారిని చూసి మురిసిపోయిన పిల్లల దగ్గర కోత కూలి తీసుకోవడానికి మనసొప్పలేదు. వద్దు పొమ్మంది.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సాయంత్రం బస్సుకు రావలసిన రోజా అప్పటికే ఇంట్లో ఉంది. గోడకు జారగిలబడి, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. జుట్టంతా నెత్తిన బిగించి ముడేసి, ఒక్క వెంట్రుక జారకుండా పిన్నులు గుచ్చుకుంది. పక్కన ఫోన్ బోర్లా పడి ఉంది.

"ఏందే, అప్పుడే వచ్చినావు?"

"తలనొప్పి."

నాగులమ్మ గంప దించి, తడి గుడ్డ ఆరేసి, కాళ్లు కడుక్కుంది. ఇంత తీపి కబురు కడుపులో పెట్టుకుని ఎంతసేపు ఉంటుంది! "మీ కాలేజీ పిల్లకాయలు ఇద్దరొచ్చినారు మే మార్కెట్టుకి. వాళ్ల ఫోన్లో నువ్వే. నేను..."

"తెలుసు," అంది రోజా. "చూసినా."

అంతే. లేచి, స్నానాల తడిక చాటుకు వెళ్లి లోపలి గొళ్లెం పెట్టుకుంది. నీళ్లు పోసుకుంటున్న చప్పుడు రాలేదు. నాగులమ్మ బయట నిలబడి కాసేపు విని, ఏమీ అర్థం కాక, పొయ్యి దగ్గరికి పోయింది. కొలుపు అయిన మర్నాడే ఈ పిల్ల ఒక మాట అడిగింది: నాకు పూనిందని బయట ఎవరికీ చెప్పబాక మా, అని. సిగ్గు కాబోలు అనుకుంది అప్పుడు. పెళ్లి చూపుల మాటెత్తినా ఇలాగే తల దించుకుంటుంది కదా అని నవ్వుకుంది కూడా.

మర్నాడు రోజా కాలేజీకి వెళ్లలేదు. ఒళ్లు వెచ్చగా లేదు, నాలుక తెల్లగా లేదు. కంచంలో అన్నం కెలికి వదిలేసింది. ఫోను టుంగుమన్నప్పుడల్లా భుజాలు ఉలిక్కిపడేవి. దాన్ని దిండు కిందికి తోస్తుంది, మళ్లీ తీస్తుంది, చూస్తుంది, బోర్లా పెడుతుంది. చూడకుండా ఉండలేదు, చూసి కుదురుగా ఉండలేదు. నాగులమ్మ వాకిట్లో కూర్చుని రొయ్యల తలలు తుంచి తొక్క వలుస్తూ ఓరకంటితో ఇదంతా కనిపెడుతూనే ఉంది. వీపు మీది నల్ల నరం లాగబోయి, రొయ్యనే రెండుగా తెంపేసింది. ఆమెకు అలాంటిది పెళ్లయిన కొత్తలో కూడా జరగలేదు.

"దిష్టి కొట్టింది," అన్నాడు కామాక్షయ్య, వల మరమ్మతు చేసుకుంటూ. రోజా తండ్రి అతను. నీళ్ల మీద ఉన్నంతసేపు చురుకైన మనిషే గానీ, గట్టున ఏ సమస్యకైనా అతని దగ్గర రెండే మందులు, దిష్టీ లేదంటే డాక్టరూ. "ఊరంతా చూసిన బిడ్డ గదా. తీసేయ్."

ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. రాకపోతే దిష్టి ఉన్నట్టే. తల్లి మనసు మాత్రం కుదుటపడలేదు.

సాయంత్రం ఏంజెలిన్ వచ్చింది. పక్క ఊరి పిల్ల, రోజాతో పాటే చదువుతుంది. ప్రాక్టికల్స్ రికార్డు పుస్తకం ఇవ్వడానికి వచ్చానంది గానీ, రోజా ముసుగు తన్ని పడుకుని పలక్కపోయేసరికి పుస్తకం గుమ్మంలో పెట్టి బయటికొచ్చేసింది. నాగులమ్మ కుళాయి దగ్గర బిందె పెట్టి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఏం జరిగింది మే? నిజం చెప్పు."

"నువ్వు తిడతావత్తా."

"తిట్టను చెప్పు."

ఏంజెలిన్ చుట్టూ చూసి, ఫోన్ తీసి, చప్పుడు బాగా తగ్గించింది. తెర మీద రోజా జుట్టు గిర్రున తిరిగింది, కేక, దరువు. ఆ వెంటనే మార్కెట్టు కనిపించింది. కత్తిపీట ముందు ఒక ఆడమనిషి, చేతులనిండా బూడిద, కళ్లు మూసుకుని దండం పెడుతోంది. 'అది మా పాపే నాయనా' అంటోంది. మళ్లీ మళ్లీ అదే మాట. దరువుకు తగ్గట్టు మాటను తెగ్గొట్టి, తిప్పి, ఈడ్చి, పాట చేసేశారు. చివర్లో బోలెడన్ని నవ్వు బొమ్మలు కురిశాయి.

నాగులమ్మ తనను తాను వెంటనే గుర్తుపట్టలేదు. నోరు ఇంత వెడల్పుగా తెరుస్తానా అనుకుంది. ఆ తర్వాత గుర్తుపట్టింది.

"కింద ఏం రాసినారు?"

"వద్దత్తా."

"చదవమంటా ఉండానా!"

ఏంజెలిన్ చదివింది. అమ్మోరు డీజే. కుప్పం అమ్మోరు. అమ్మోరి అమ్మ. ఫలానా కాలేజీ, ఫలానా బెంచీ. దండాలు పెట్టుకోండ్రా. ఇంకా ఉన్నాయి గానీ వాటిని చదవకుండా దాటేసింది. దాటేసినవి ఎలాంటివో నాగులమ్మకు ఆ పిల్ల మొహం చూస్తేనే తెలిసింది.

"ఫస్టు వీడియో కొలుపు రోజు నించే తిరగతా ఉండాది. అది రోజా అని ఎవరికీ తెలీదు, మొహం కనపడలేదు గదా. నాగ్గూడా చెప్పలేదు. నిన్న ఈ రెండోది వచ్చినాక..." ఏంజెలిన్ గొంతు తగ్గించింది. "ఇంటర్వెల్ కాంగానే ల్యాబులో దాని బెంచీ మీద నిమ్మకాయ కోసి, కుంకం పోసి పెట్టినారు. పోయి కూర్చుంటే అందరూ లేచి దండాలు. పాసవతామా తల్లీ, సెలవియ్యి తల్లీ అని. మేడం గూడా నవ్వు ఆపుకోలేకపోయింది. నేను రిపోర్టు కొట్టినాను అత్తా. ఒకటి పోతే ఇంకో రెండు వచ్చినాయి."

బిందె నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి. వెనకాల నిలబడ్డ ఆడవాళ్లు అరుస్తున్నారు. నాగులమ్మ బిందె ఎత్తుకుని ఇంటికి నడిచింది. నడుస్తున్నంతసేపూ ఒంటికి కారం పూసినట్టు ఉంది ఆమెకు. దేవుడికి దండం పెట్టడంలో నవ్వేందుకు ఏముందో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. అయినా సిగ్గేసింది. తప్పు చేయని మనిషికి ఇంత సిగ్గు ఎందుకొచ్చిందో అదీ అంతుపట్టలేదు.

రోజా ముసుగు తీసింది. తల్లి మొహం చూసి, తెలిసిపోయిందని తెలుసుకుంది.

"నేను మంచికే చెప్పినా మే," అంది నాగులమ్మ.

"నా మొహం ఎవరికీ కనపడలేదు మా. ఆ జుట్టే నన్ను కాపాడింది. క్లాసులో నా పక్కనే కూర్చుని ఆ వీడియో చూసి నవ్వినారు, నేనూ నవ్వినా వాళ్లతో. తెలుసా నీకు? నన్ను చూసి నేనే నవ్వినా." రోజా గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని నాగులమ్మకు అనిపించింది. "నువ్వు పేరు చెప్పినావు. ఊరు చెప్పినావు. ఏ క్లాసో చెప్పినావు."

"అమ్మోరు రావడం ఏమన్నా తప్పా? దొంగతనమా?"

అనకూడని మాట అదే. రోజా కళ్లలో నీళ్లు తిరిగాయి. "వచ్చిందో లేదో నాకేం తెలుసు? పంబలు కొట్టినారు, కళ్లు తిరిగినాయి, లేచేసరికి పందిట్లో పడుకోబెట్టి ఉండారు. మధ్యలో ఏం చేసినానో నాకు గుర్తే లేదు. నాకే గుర్తులేనిదాన్ని లోకమంతా చూస్తా ఉండాది. ఆ వీడియో చూస్తే నాకే భయమేస్తాది మా, ఎవురో నా గుడ్డలు కట్టుకుని ఎగరతా ఉన్నట్టుండాది."

నాగులమ్మ దగ్గరికి జరిగి తల నిమరబోయింది. గట్టిగా బిగించిన ఆ ముడి మీద చెయ్యి జారిపోయింది, పిన్నులు గుచ్చుకున్నాయి.

"సోమవారం ప్రాక్టికల్సు గదా," అంది చివరికి.

"నేను పోను."

ఆ పిల్ల నర్సింగు చదవాలని ఎప్పటినుంచో అంటోంది. చేపను కోసినప్పుడల్లా పక్కన కూర్చుని ఇది గుండె, ఇది పిత్తం అని వేలు పెట్టి చూపించేది. వాళ్ల జాలరి కుప్పంలో ఆడపిల్ల అంతదాకా చదివింది లేదు. సోమవారం పోకపోతే ఆ దారి మూసుకుపోతుంది. మూసేది తన నోరేనని నాగులమ్మకు స్పష్టంగా తెలిసింది.

శుక్రవారం చేపలకు పోలేదు. ఉతికిన చీర కట్టుకుని కాలేజీకి పోయింది. ప్రైవేటు కాలేజీ, మెట్ల కింద చెప్పుల స్టాండు, గోడల మీద ర్యాంకులొచ్చిన పిల్లల మొహాలు. ప్రిన్సిపాల్ గారు మర్యాదగానే కూర్చోమన్నారు. మంచినీళ్లు కూడా ఇప్పించారు. ఆమె చెప్పేదంతా తలూపుతూ విన్నారు.

"చూడమ్మా, కాలేజీలో ఫోన్లు నిషేధం. బయట ఎవరు ఏం పెట్టుకుంటారో మాకెలా తెలుస్తుంది? ఎవరు పెట్టారో పేరు చెప్పండి, పిలిపిస్తాను."

"పచ్చ బ్యాగు పిలగాడు సారూ."

"పచ్చ బ్యాగులు యాభై ఉంటాయి. చిన్నపిల్లలు, రెండు రోజులు నవ్వుకుని మర్చిపోతారు. మీ అమ్మాయిని కొన్నాళ్లు ఫోన్ ముట్టుకోనివ్వకండి, సరిపోతుంది." ఆయన గడియారం చూసుకున్నారు. "అయినా ఆ మాట మీరే చెప్పారు కదమ్మా వాళ్లకు. కొంచెం జాగ్రత్తగా ఉండాలి. సోమవారం ప్రాక్టికల్స్‌కు మాత్రం రాకపోతే మేమేం చేయలేం. బయటి నుంచి ఎగ్జామినర్ వస్తారు."

దెబ్బ తిన్నవాళ్లకే జాగ్రత్తలు చెప్పడం ఎంత సులువో! నాగులమ్మ లేచింది. వరండాలో ఇంటర్వెల్ పిల్లలు గుంపులుగా ఉన్నారు. ఆమె నడుస్తుంటే గుంపు రెండుగా చీలి దారిచ్చింది. మొదట ఒకడు, వాడి పక్కన ఇద్దరు ఆడపిల్లలు, ఆ తర్వాత వరసంతా చేతులు జోడించి నమస్కారం పెట్టారు. నమస్కారానికి నమస్కారం పెట్టడం ఆమెకు పుట్టుకతో వచ్చిన అలవాటు. చేతులు వాటంతటవే లేచి జోడించుకున్నాయి. అప్పుడు పేలింది నవ్వు. నాలుగైదు ఫోన్లు, నిషేధం ఉన్న ఫోన్లే, పైకి లేచాయి.

మెట్లు దిగేటప్పుడు ఆమె రెండు చేతులనూ కొంగులో దాచుకుంది.

శనివారం పొద్దున పెద్దకాపు పెంచలయ్య వచ్చాడు. కుప్పానికి అతని మాటే మాట. ఎవరి వల ఎక్కడ వేయాలో, ఎవరి తగువు ఎలా తీరాలో అతనే చెబుతాడు. వాకిట్లో నులక మంచం వేసి కామాక్షయ్య నిలబడే ఉన్నాడు.

"రేపు అమ్మోరికి రెండో పొంగలి. కుండ ఎత్తాల్సింది రోజా పాపే. కొలుపులో తల్లి ఎవరి మీదికి వస్తే వాళ్లే గదా ఎత్తేది. ఈ ఏడు రొయ్య పడలా. నీళ్లేమో ఉప్పు తేలినాయి. తల్లి నోటి నించి ఒక మాట వస్తే ఊరికి ధైర్యంగా ఉంటాది."

"పాపకు ఒంట్లో బాగలేదన్నా," అంది నాగులమ్మ తలుపు చాటునుంచి.

"తల్లి వస్తే అదే కుదురుకుంటాది మ్మే." అతను నిజంగానే అభిమానంగా అన్నాడు. "నిన్నట్నించి టౌను నించి గూడా ఫోన్లు చేస్తా ఉండారు పిల్లకాయలు, ఎప్పుడు పొంగలి అని. మన తల్లి మహిమ అంత దూరం పాకింది చూడు!"

కామాక్షయ్య మొహం వెలిగిపోయింది. "ఎత్తుతాదన్నా. ఎందుకెత్తదు!"

లోపల చాప మీద ఉన్న రోజా అదంతా వింది. కాలేజీ వాళ్లు నవ్వడానికి రమ్మంటున్నారు, ఊరివాళ్లు మొక్కడానికి రమ్మంటున్నారు. ఊరికే ఉండనిచ్చేవాళ్లు ఒక్కరూ లేరు. పెద్దకాపు వెళ్లిన కాసేపటికి పిల్ల ఇంట్లో కనిపించలేదు. నాగులమ్మ పొయ్యి మీద ఎసరు పొయ్యి మీదే వదిలేసి బయటికి ఉరికింది. పడవలు కట్టే చోట, మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంది రోజా. అక్కడ సరస్సులో ఎంత దూరం నడిచినా నీళ్లు నడుము దాటవు. ఆ సంగతి నాగులమ్మకు తెలియనిది కాదు. అయినా పరుగు ఆపలేదు.

రోజా వెనక్కి తిరిగి చూసింది. "నన్ను కావలి కాస్తా ఉండావా?"

"అవును," అంది నాగులమ్మ.

"భయపడబాక మా. నేనేం చేసుకోను. చేసుకున్నా దాన్ని గూడా వీడియో తీస్తారు."

నాగులమ్మ చీర తడుస్తున్నా చూసుకోకుండా నీళ్లలోకి దిగి కూతురి చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు సంతలో పట్టుకున్నట్టు మణికట్టు దగ్గర పట్టుకుంది. ఒడ్డుకు వచ్చేదాకా వదల్లేదు. ఇంటికొచ్చాక కామాక్షయ్యకు అంతా చెప్పింది. "మాటిచ్చేసినా గదా," అన్నాడతను, తప్పు చేసినవాడిలా. "తల్లి పని. కాదని ఎట్ట చెప్తాం?"

ఆదివారం సాయంత్రం, ఎండ ఇంకా వాలకముందే పంబలు మొదలయ్యాయి. రోజా పసుపు చీరలో పొంగలి కుండ నెత్తిన పెట్టుకుని పందిట్లో నిలబడింది. కొలుపునాడు అయిదారు ఫోన్లు లేచాయేమో, ఈనాడు పందిరి చుట్టూ ఫోన్లే. కుప్పం కుర్రాళ్లు భక్తితో పట్టుకున్నారు. బైకుల మీద టౌను నుంచి వచ్చినవాళ్లు వెనక వరసలో నిలబడ్డారు. వాళ్లలో పచ్చ బ్యాగు కనిపించింది నాగులమ్మకు.

పంబలవాళ్లు రోజా చుట్టూ తిరుగుతూ దరువు పెంచారు. ఆడవాళ్లు వేపమండలు ఊపుతున్నారు. కుండ పట్టుకున్న కూతురి వేళ్లు తెల్లబడటం నాగులమ్మ చూసింది. పళ్లు బిగించి, కళ్లు పెద్దవి చేసి, రెప్ప వెయ్యకుండా నేలను చూస్తోంది పిల్ల. కళ్లు మూస్తే మళ్లీ ఒళ్లు మరిచిపోతానేమోనని భయం. భయానికి భుజాలు ఒక్కసారి వణికాయి.

"వస్తా ఉండాది! తల్లి వస్తా ఉండాది!" జనం గోలపెట్టారు. ఫోన్లు ఇంకా పైకి లేచాయి.

నాగులమ్మకు పూనకం ఎన్నడూ రాలేదు. రావాలని ఆమెకు ఎంత ఆశో ఆ తల్లికే తెలుసు. ప్రతి కొలుపులో ఉపవాసం ఉండి, పంబలకు దగ్గరగా నిలబడేది. పక్కవాళ్ల మీదికి వచ్చేది గానీ ఆమె మీదికి వచ్చేది కాదు. ఇప్పుడు కళ్లు మూసుకుని అడిగింది: ఇన్నేళ్లూ అడిగినా రాలేదు, పోనీలే. ఇప్పుడు రా తల్లీ. దాన్ని వదిలి నా మీదికి రా.

రాలేదు. దరువు చెవుల్లో మోగుతూనే ఉంది, చెమట వీపు మీద కారుతూనే ఉంది, తను తనుగానే ఉంది. రోజా భుజాలు మళ్లీ వణికాయి.

నాగులమ్మ కొప్పు లాగేసుకుంది. గొంతు చీలిపోయేలా కేక పెట్టి పందిట్లోకి దూకింది.

ఫోన్లన్నీ ఒక్కసారిగా ఇటు తిరిగాయి. పంబలు రోజాను వదిలి ఈమెను చుట్టుకున్నాయి. నాగులమ్మ ఊగింది, గెంతింది, చేతికందిన వేపమండ లాక్కుని గాలిలో ఝళిపించింది. జుట్టు మొహం మీద పడ్డప్పుడల్లా ఎడమ చేత్తో వెనక్కి ఎగదోసుకుంది. అది మాత్రం ఒక్కసారి కూడా మరచిపోలేదు. ఊగుతూ ఊగుతూ వెనక వరస దాకా పోయి పచ్చ బ్యాగువాడి ముందు ఆగింది. వేపమండతో వాడి నెత్తిన ఒకటి వేసింది. దీవెనకు అంత గట్టి దెబ్బ అక్కర్లేదు. రెండోది ఇంకా గట్టిగా వేసింది. వాడి చేతిలో ఫోన్ జేబులోకి పోయింది, చేతులు రెండూ జోడించుకున్నాయి, మొహంలో నెత్తురు చుక్క లేదు. "అదృష్టవంతుడు," అంది పక్కన ఒక ముసలమ్మ.

పెంచలయ్య కర్పూరం పళ్లెంతో ఎదురొచ్చాడు. "తల్లీ! ఏం కావాల తల్లీ? ఏం తప్పు జరిగింది?"

నాగులమ్మ రొప్పుతోంది. ఇంతదాకా వచ్చాక వెనక్కి పోయే దారి లేదు.

"నాకా బిడ్డ వద్దు!" అంది. "దాన్ని వదిలేసినా. మళ్లీ దాని జోలికి రాను. మీరూ పోబాకండి. కుండ దించండి! దానికి చదువుండాది, పోనీండి!"

"అట్నే తల్లీ, అట్నే," అన్నాడు పెంచలయ్య. పళ్లెం పక్కన పెట్టి తన చేతులతోనే రోజా నెత్తి మీది కుండ దించాడు. ఏంజెలిన్ ఎక్కడినుంచో వచ్చి రోజా భుజం చుట్టూ చెయ్యేసి పందిరి వెనకనుంచి తీసుకుపోయింది. వాళ్లు పోవడం ఒక్క ఫోనూ చూడలేదు.

"రొయ్య సంగతి తల్లీ?" అని ఎవరో అడిగారు. నాగులమ్మ ఏం చెప్పాలో తోచక నేల మీద పడిపోయింది.

ఇంట్లో దీపం పెట్టే వేళకు ఆమె చాప మీద కూర్చుని ఉంది. ఒళ్లంతా నొప్పులు, గొంతు బొంగురు. గంగమ్మ పటం వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. కామాక్షయ్య ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసి, కాళ్లకు దండం పెట్టాలో వద్దో తేల్చుకోలేక వాకిట్లోకి వెళ్లిపోయాడు. రోజా వెనక కూర్చుని దువ్వెనతో చిక్కులు తీస్తోంది. కొసల నుంచి మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పైకి వస్తోంది.

"అమ్మా. నిజంగా వచ్చిందా?"

"రాలేదు."

దువ్వెన ఆగింది.

"రమ్మని అడిగినా. రాలేదు. ఇంక ఆగలేక నేనే..." నాగులమ్మ తన రెండు అరచేతులూ చూసుకుంది. "ఆ తల్లి పేరు పెట్టుకుని అబద్ధం ఆడినా మే. కళ్లు పోతాయో, చేతులు పోతాయో. పోతే నావి పోనీ."

రోజా దువ్వెన పక్కన పెట్టింది. తల్లి వీపుకు నుదురు ఆనించింది. రవిక అక్కడ తడిసింది.

"రేపు నీ వీడియో వస్తాది," అంది తర్వాత.

"రానీ. నా మొహం బాగా కనపడతాదిలే. జుట్టు అడ్డం పడకుండా ఎత్తి పట్టుకున్నా, మళ్లీ నిన్ననుకుంటారని."

రోజాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండూ దాచుకోలేదు.

సోమవారం పొద్దున బస్సులో నాగులమ్మ వెనక సీటు పక్కన గంప పెట్టుకుని కూర్చుంది. రోజా ముందు కమ్మీ పట్టుకుని నిలబడింది. చంకలో రికార్డు పుస్తకం, తెల్ల కోటు. జుట్టు జడ వేసుకుంది, పిన్నులు లేవు. వస్తానని రోజా ఇంట్లో అనలేదు. బస్సు టైముకు చెప్పులు వేసుకుంది, అంతే. టౌను ఎంతెంత దగ్గరవుతుంటే కమ్మీ మీద వేళ్లు అంతంత బిగుసుకోవడం నాగులమ్మకు వెనకనుంచి కనిపిస్తోంది. ఇక్కడే దిగి వెనక్కి పోదామని తిరిగి చూస్తుందేమోనని ప్రతి స్టాపు దగ్గరా ఆమె ప్రాణం ఉగ్గబట్టుకుంది.

టౌనుకు ముందు చివరి స్టాపులో కాలేజీ పిల్లలు ఎక్కారు. కూర్చోగానే ఫోన్లు తీశారు. బస్సు కదిలిందో లేదో, కేక వినిపించింది. బొంగురు కేక, తన కేకే. దాని వెనకే దరువు. ఇద్దరు ముగ్గురు తలలు కలిపి పకపకా నవ్వారు. ఒకడు తలెత్తి రోజాను చూశాడు, పక్కవాడిని మోచేత్తో పొడిచాడు.

రోజా మెడ కిందికి వంగింది. పుస్తకాన్ని గుండెకు హత్తుకుంది. నాగులమ్మ లేవబోయింది. కానీ ఇంకోసారి తన నోరు ఏం చెడగొడుతుందోనన్న భయం ఆమెను సీటుకు కట్టేసింది.

కేక ఇంకోసారి మోగింది. రోజా వాళ్ల వైపు తిరిగింది. గొంతు వణుకుతోంది, అయినా బస్సంతటికీ వినపడింది.

"అది మా అమ్మే."

ఫోన్ పట్టుకున్నవాడు దిక్కులు చూశాడు.

"ఈ బస్సులోనే ఉండాది. అదిగో, వెనకాల. ఏమన్నా అడగాలంటే పోయి అడుగు."

బస్సులో తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఫోన్లో దరువు ఇంకో రెండు దెబ్బలు కొట్టి ఆగిపోయింది. అన్ని కళ్లు ఒక్కసారి తన మీద పడేసరికి నాగులమ్మ చేతులు అలవాటు కొద్దీ జోడించబోయాయి. సగంలో ఆపుకుంది. రెండు చేతులతో గంప అంచు పట్టుకుని, తలెత్తి, వాళ్ల వైపే చూస్తూ కూర్చుంది.